కంచె బయటి రాళ్లు

పేర్లున్న చోటల్లా నల్ల ఇంకు పూసి ఉన్నా, ఆ జిరాక్సు కాగితాలు నావేనని చూడగానే తెలిసిపోయింది.

భద్రాచలంలో ఐదు రోజుల శిక్షణ అది. మూడో రోజు పొద్దున. హాల్లో ఇరవై మందికి పైగా ఉన్నాం. రోడ్ల ఇంజనీర్లు, అటవీ శాఖ వాళ్లు, నాలాగా ప్రైవేటు ఆఫీసుల్లో రిపోర్టులు రాసేవాళ్లు. ప్రభుత్వం రక్షిత స్థలమని బోర్డు పెట్టిన పాత కట్టడాల దగ్గర రోడ్డో, కాలువో, క్వారీయో వస్తే వాటికి ఏ హాని జరుగుతుందో ముందుగా అంచనా వేయడం ఎలాగో మాకు నేర్పుతున్నారు. నేర్పే సారు రిటైరైన మనిషి. పాత కట్టడాల శాఖలో సర్వేయరుగా చేరి ఆఫీసరుగా దిగారు. తెలంగాణ పల్లె మాట. గొంతు పెంచరు.

"ఇది ఒక రిపోర్టు. ఎవరు రాసిండ్రో మనకద్దు. దీంట్ల ఎన్ని తప్పులున్నయో చెప్పుండ్రి" అని బల్లబల్లకూ పంచారు.

రెండు పేజీలు. చివర ఒక ఫొటో. మట్టి నేల మీద అటూ ఇటూ ఒరిగిన పెద్ద పెద్ద రాతి పలకలు. ఫొటో కింది మూలన, ఫొటో తీస్తున్న మనిషి నీడ. ఆ నీడ చేతిలో గొడుగు. గొడుగు చువ్వ ఒకటి విరిగి వేలాడుతూ ఉంది. ఆ గొడుగు నేను ఖమ్మం బస్టాండు బయట కొన్నది. చువ్వ కొన్న వారానికే విరిగింది.

చదవక్కర్లేకపోయినా చదివాను. 'రక్షిత స్థలానికి తగిన దూరంలో రోడ్డు వెళుతోంది. ఆ దారిలో అక్కడక్కడా చెదిరిన బండరాళ్లు తప్ప చెప్పుకోదగ్గ నిర్మాణాలు లేవు. స్థానికులను విచారించగా గుళ్లు, పురాతన కట్టడాలు ఏవీ లేవని తెలిపారు.' నాలుగేళ్ల కిందట నేనే రాసిన వాక్యాలు. తల పైకెత్తితే అందరికీ తెలిసిపోతుందేమోనని కాగితం మీదికి ఇంకా వంగాను.

ముందు వరసలోంచి ఒక ఇంజనీరు లేచాడు. "సార్, 'తగిన దూరం' అంటే ఎంత? దేన్నుంచి?"

"మంచిగ పట్టినవ్."

"సార్, స్థానికులు అన్నరు గని, ఒక్క మనిషి పేరు లేదు. ఎంతమందిని అడిగిండ్రో లేదు" అంది నా పక్కన కూర్చున్న అటవీ శాఖ అమ్మాయి. రెండు రోజులుగా నాకు ఆమెతో స్నేహం కుదిరింది. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద తింటున్నాం.

"ఫొటోల నీడ తప్ప మనిషి కనిపిస్తలేదు సార్. ఎండకు భయపడి జీపు దగ్గర్నే ఫొటో తీసినట్టున్నది" అన్నాడు వెనకనుంచి ఇంకొకాయన. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

అంతటితో ఆగినా బాగుండేది. సారు చూపు నామీద పడింది. "అమ్మా, నువ్వేం చెప్తవ్?" అన్నారు. నేను లేచి, "ఫొటోలో కొలత చూపించే కర్ర లేదు సార్. రాయి ఎంత పెద్దదో తెలియదు" అన్నాను. నా తప్పును ఎవరో చేసిన తప్పులాగా వేలు పెట్టి చూపించి కూర్చున్నాను. "శభాష్" అన్నారు సారు. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

గంట అయ్యాక ఆయన కాగితాలు సర్దుకుంటూ, "రేపు పొద్దుగాల ఏడింటికి బస్సు. ఈ జాగకే పోతున్నం" అన్నారు.

నేనెవరో చెప్పాలి. మాది బొగ్గుబావుల ఊరు. మా నాయన భూమి లోపల పని చేసి రిటైరయ్యాడు. మేం క్రైస్తవులం. ఆదివారం చర్చి, మిగతా రోజులు బావి సైరను, ఇవే మా ఇంటి గడియారాలు. ఖమ్మంలో సివిల్ చదివి, అక్కడే రిపోర్టులు తయారు చేసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. గాలి, నీళ్లు, చెట్లు, శబ్దం అని ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు రాసేవాళ్లు. చారిత్రక స్థలాల అధ్యాయం ఎవరూ తీసుకునేవాళ్లు కాదు. రెండు పేజీల అధ్యాయానికి పేరు రాదు. అందుకే అది నాకు వచ్చింది. ఆ పని నాకు ఎవరూ నేర్పలేదు. పాత రిపోర్టులు చూసి రాసేదాన్ని. ఇది నేను సాకుగా చెప్పడం లేదు. జరిగిందే చెబుతున్నాను.

మర్నాడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పర్ణశాల దారిలో కొంత దూరం వెళ్లి, అడవి వైపు మళ్లాం. కల్లాల్లో మిర్చి ఆరబోసిన రోజులు. కిటికీ తెరిస్తే ఘాటు ముక్కుకెక్కి అందరికీ తుమ్ములు. ఆ ఘాటు దాటాక ఇప్పచెట్లు మొదలయ్యాయి. రోడ్డు నల్లగా, నున్నగా ఉంది. నేను నాలుగేళ్ల కిందట వచ్చినప్పుడు ఇది ఎడ్లబండి బాట. జీపు ఒరిగిపోతుంటే పైనున్న కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. రిపోర్టు ఇచ్చాక మళ్లీ ఈ వైపు రాలేదు. రోడ్డు పడిందని తెలుసు, అంతే.

"ఈ రోడ్డు పడ్డంక ఊర్లకు అంబులెన్సు వస్తున్నది మేడం" అంది అటవీ శాఖ అమ్మాయి. "మొన్నటి దాకా పురిటి మనిషిని మంచం మీద మోసేటోళ్లు."

ఆ మాట విని నాకు కొంచెం ఊపిరి ఆడింది. రోడ్డు మంచిదే కదా అనుకున్నాను. ఎలాగో బయటపడతాను అనుకున్నాను.

బస్సు ఒక గుట్ట పక్కన ఆగింది. గుట్ట చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర నీలం బోర్డు. బోర్డు మీద 'రాకాసి గుళ్లు, రక్షిత స్థలం' అని ఉంది. లోపల రాతి గదులు. నాలుగు వైపులా నిలబెట్టిన పలకలు, పైన ఒక పెద్ద బండ మూత, చుట్టూ గుండ్రంగా పేర్చిన రాళ్లు. వేల ఏళ్ల కిందటి మనుషులు తమవాళ్లను కుండలతో సహా పాతిపెట్టిన చోట్లు. ఇంతింత బండలు మనుషులు ఎత్తలేరని, రాకాసులు కట్టారని జనం ఆ పేరు పెట్టారు.

"లోపల చూసింది చాలు. ఇగ బయటికి నడవుండ్రి" అన్నారు సారు. "కంచె కాడ్నుంచి రోడ్డు దాకా వరసగ నిలబడి, అడుగు అడుగు చూసుకుంట పోవాలె. కండ్లు నేల మీద ఉండాలె."

చెయ్యి చాస్తే పక్క మనిషి చెయ్యి తగిలేంత దూరంలో నిలబడి నడిచాం. ఎండుటాకుల కింద రాయి తగిలితే ఆగి, ఆకులు తీసి చూడాలి. పది అడుగులు వేశానో లేదో నా కాలికి ఒక రాయి తగిలింది. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి. అవి వంపుగా తిరుగుతున్నాయి. మనిషి పెట్టకపోతే రాళ్లు అలా గుండ్రంగా ఉండవు. ఆ వంపు వెంట నడిచాను. ఏడో రాయో ఎనిమిదో రాయో దాటాక నా కాలు తారు మీద పడింది.

వెనక్కి తిరిగి చూశాను. సగం వలయం అడవిలో ఉంది. మిగతా సగం రోడ్డు కింద ఉంది.

"మేడం, ఇటు చూడుండ్రి!" అని అటవీ శాఖ అమ్మాయి అరిచింది. రోడ్డు కోసం గట్టు కోసిన చోట ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మట్టిలోంచి ఒక కుండ అంచు బయటికి వచ్చి ఉంది. లోపల నల్లగా, బయట ఎర్రగా. కుండను పొక్లెయిను పన్ను సరిగ్గా సగానికి కోసింది. కోసిన చోట నున్నగా ఉంది. దానికి కాస్త పైన ఒక బండ మూత. దానికి వరసగా డ్రిల్లు రంధ్రాలు. పగలగొట్టి కంకర చేద్దామని మొదలుపెట్టి, ఎందుకో వదిలేసినట్టున్నారు.

నిన్న హాల్లో నవ్వినవాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. కోసిన గట్టును పట్టుకుని నిలబడ్డాను. నేను రాసిన 'చెదిరిన బండరాళ్లు' ఇవి. చెదిరినవి కావు. నేను వచ్చినప్పుడు చెదరలేదు. నేను వెళ్లాక చెదిరాయి.

అప్పటికే ఊళ్లోంచి నలుగురైదుగురు వచ్చి చూస్తున్నారు. కోయ పల్లె అది, ముప్పై గడపలుంటాయి. వాళ్లలో ఒక ముసలమ్మ, బక్కపల్చని మనిషి, నా దగ్గరికి వచ్చి మొహంలోకి చూసింది. నోరంతా విప్పి నవ్వింది.

"నువ్వు ఇరిగిన గొడుగు పిల్లవు గదా! మా ఇంటికాడ నీళ్లు తాగినవ్."

ఆమెకు నామీద కోపం లేదు. చుట్టం కనబడ్డట్టు నా మోచెయ్యి పట్టుకుంది. కానీ ఆ మాట అందరూ విన్నారు. అటవీ శాఖ అమ్మాయి చేతిలోని జిరాక్సు కాగితం తిప్పి ఫొటో చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆమె చూపు తప్పించుకోవడానికి నాకు చోటు లేకపోయింది.

"అవ్ సార్" అన్నాను. "ఆ రిపోర్టు నేనే రాసిన."

సారు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

నేను ముసలమ్మ వైపు తిరిగాను. సిగ్గు కంటే అప్పుడు నన్ను పట్టుకున్నది ఒకే ప్రశ్న. "అవ్వా, ఆ రోజు నిన్ను అడిగిన కదా, ఇక్కడ పాత గుళ్లు గిట్ల ఉన్నయా అని. లేవన్నవు."

"అవ్. గుడి లేదు. మా దేవుడు చెట్టు కింద ఉంటడు. గుడి ఏడ ఉన్నది?"

"మరి ఈ రాళ్లు?"

"రాళ్లున్నయా అని నువ్వు అడగలే బిడ్డా. అడిగితే తోల్కపోయి చూపెడుతుంటి." ఆమె నా మొహం చూసి, నేనేదో పోగొట్టుకున్నదాన్నని అర్థం చేసుకున్నట్టు, గొంతు తగ్గించింది. "వీటిని మీరు గుళ్లంటరని నాకేం ఎర్క? మేం గుడి అనం. మా మాటల దీనికి పేరు వేరే."

ఆ పేరు చెప్పింది. నేను రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. బోర్డు మీద పేరు ఆమె చదవలేదు. చదివినా అది ఆమె మాట కాదు. నేను ఆ రోజు ఆమె గడపలో చెంబెడు నీళ్లు తాగి, ఒకే ఒక్క ప్రశ్న నా భాషలో అడిగి, వచ్చిన జవాబును 'స్థానికులను విచారించగా' అని రాసుకుని జీపు ఎక్కాను. ఆమె అబద్ధం చెప్పలేదు. నేను కూడా అబద్ధం రాయలేదు. అయినా ఇదంతా జరిగింది.

"కంచె లోపలియి మస్తు పాతయి. ఎవలయో మాకు తెల్వది" అంది ముసలమ్మ. "ఇటు దిక్కువి మావి. మావోళ్లు చచ్చిపోతే నిలబెడ్తం. నా మొగునిది గూడ గీడ్నే ఉండె."

"ఉండె అంటే? ఇప్పుడు లేదా?"

"ఉన్నది. రా, చూపెడ్త."

ఆమె ముందు నడిచింది. నేనూ, సారూ, వెనక మిగతావాళ్లూ. రోడ్డు ఒక చిన్న వాగు దాటే చోట కింద తూము ఉంది. వాగులో నీళ్లు లేవు. ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుని గట్టు దిగింది. తూము పక్క గోడలో సిమెంటుతో కట్టిన రాళ్ల మధ్య ఒక పొడుగాటి రాయి అడ్డంగా పడి ఉంది. మిగతా రాళ్లు పగలగొట్టినవి. అది పగలగొట్టనిది. ఒక చివర సన్నగా ఉంది. దాని మీద పసుపు ఆనవాలు, కింద ఆకులో నాలుగు ఇప్పపూలు.

"పండుకున్నడు" అంది ఆమె. "నిలబడేటోడు, పండుకున్నడు. పండగకు ఈడికే వచ్చి పెట్టిపోతం."

గట్టు మీద కూలబడ్డాను. మా ఊళ్లో నవంబరు నెల మొదట్లో సమాధుల పండుగ చేస్తాం. అమ్మ సమాధికి నేనూ నాయనా సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూల దండ పెట్టి, పాట పాడతాం. ఏ ఏడూ మానలేదు. రేపు ఎవరో ఒకమ్మాయి గొడుగు వేసుకుని వచ్చి, రోడ్డు మీది నుంచి చూసి, 'అక్కడక్కడా చెదిరిన సిమెంటు దిమ్మలు' అని రాసి వెళితే? మా అమ్మ తల దగ్గరి రాయిని తూము గోడలో పెడితే? నేను ఈ ముసలమ్మలా నవ్వుతూ మోచెయ్యి పట్టుకోగలనా?

"ఎందుకు ఏడుస్తవ్ బిడ్డా?" అంది ఆమె. "నువ్వు రోడ్డేసినవా ఏంది?"

రోడ్డు నేను వేయలేదు. వేయొచ్చని రాశాను. ఆ తేడా ఆమెకు ఎలా చెప్పాలో నాకు తోచలేదు.

మధ్యాహ్నం ఇప్పచెట్ల కింద అందరూ డబ్బాలు విప్పి తింటున్నారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అటవీ శాఖ అమ్మాయి తన అన్నంలో సగం నా డబ్బా మూతలో పెట్టింది. నాకు దిగలేదు. చూస్తే సారు కూడా తినడం లేదు. కంచె మూల స్తంభం దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నారు. వెళ్లి పక్కన నిలబడ్డాను. తిడితే తిట్టించుకుందామని వెళ్లాను.

"అమ్మా, దూరం ఏడికెళ్లి కొలిచినవ్?"

"కంచె నుంచి సార్. కంచే హద్దు కదా."

"కంచె ఈడ ఎందుకున్నదో తెల్సా?"

తెలియదన్నాను. ఆయన స్తంభానికి చుట్టిన తుప్పు తీగను వేలితో తట్టారు.

"నాకు నౌకరి కొత్త అప్పుడు. ఈ కంచె వేయించింది నేనే. లారీల తీగ చుట్టలొచ్చినయి. గేటు కాడ మొదలువెట్టి గుట్ట చుట్టు వచ్చినం. ఈ మూలకొచ్చేసరికి తీగ అయిపోయింది. అవుతల ఇంక రాళ్లున్నయి. నేను చూసిన. కూలోళ్లు గూడ చూసిండ్రు. ఇంకో రెండు చుట్టలు తెప్పిద్దామనుకున్న. అప్పటికే వానలొచ్చేటట్టున్నయి. జల్దీ కానీయ్యమని పైనుంచి ఒత్తిడి." ఆయన ఆగారు. "ఈడ్నే వంచి ముడి వేయించిన. కంచె ఎట్లున్నదో అట్లనే మ్యాప్ గీసిన. ఆ మ్యాపే సర్కారు కాగితాలకెక్కింది. అదే హద్దయింది."

నేను ఆయన మొహం వైపే చూస్తుండిపోయాను. మూడు రోజులుగా హద్దుల గురించి మాకు పాఠం చెప్పిన మనిషి. ఆ హద్దు లెక్కలోంచి రాలేదు, తవ్వి చూస్తే రాలేదు. తీగ ఎంతదాకా వచ్చిందో అంతదాకా వచ్చింది.

"ఈ జాగకు మూడు బ్యాచులను తోల్కొచ్చిన" అన్నారు. "పేర్లు కొట్టేసిన కాగితమే నాకొచ్చింది, నీదని తెల్వక అందరికి చూపెట్టి నవ్విచ్చిన. నా ముచ్చట ఒక్కనాడు చెప్పలే. నిన్ను చూసినంక, పొద్దున నువ్వు అందరి ముంగట చెప్పినంక, ఇగ నోరు మూసుకొని తినబుద్ధి కాలే."

నిజం చెబుతున్నాను. ఆ మాట విన్నాక నాకు ఉపశమనం రావాలి. తప్పులో పాలు పంచుకునే మనిషి దొరికాడు కదా. రాలేదు. ఇంకా భయం వేసింది. ఇంత పెద్ద సారు గీసిన గీత ఇలాంటిదైతే, నేను ఇన్నేళ్లుగా ఏ గీతల్ని నమ్మి ఎన్ని రిపోర్టుల మీద సంతకం పెట్టానో అనిపించింది. ఖమ్మం చుట్టుపక్కల, వేంసూరు దాకా, నేను 'లేవు' అని రాసిన ఊర్లు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి.

అప్పుడే ఇంకో సంగతి తట్టింది. ఇదే రోడ్డును వెడల్పు చేయబోతున్నారు. దాని రిపోర్టు మా ఆఫీసులోనే తయారవుతోంది. నా పక్క సీటాయన రాస్తున్నాడు. చారిత్రక స్థలాల అధ్యాయం పాత రిపోర్టులోంచి తీసి పెట్టుకోమని పది రోజుల కింద నేనే అతనికి ఫైలు పంపించాను.

సిగ్నలు కోసం రోడ్డు వెంట చాలా దూరం నడిచి ఆఫీసుకు ఫోను చేశాను. మా యజమాని తీశాడు. చెప్పాను.

"మేడం, మిమ్మల్ని పంపింది సర్టిఫికెట్ కోసం. టెండర్లకు పనికొస్తదని. లేని పంచాయితీ తెమ్మని కాదు."

"సార్, అది తప్పు రిపోర్టు. తప్పు మీద ఇంకో తప్పు పోతుంది. ఆపండి."

"సంతకం ఎవరిది?"

"నాదే."

"మరి తప్పంటే పోయేది ఎవరి నౌకరి? మంచిగ ఆలోచించుకోని మాట్లాడుండ్రి."

ఆలోచించుకోవడానికి సాయంత్రం నాయనకు ఫోను చేశాను. మొదటినుంచీ చెప్పాను. నాయన నడుమ ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. మౌనంగా వినడం ఆయన అలవాటు. భూమి లోపల ముప్పై ఏళ్లు చప్పుళ్లు విని బతికిన మనిషి.

"కప్పు తట్టి చూడకుండ సంతకం పెట్టినవా?" అన్నాడు చివరికి.

బావిలో బొగ్గు తీయబోయే ముందు పైకప్పును కర్రతో తట్టి చూస్తారు. గట్టి కప్పు ఒకలా మోగుతుంది. ఊడిపడబోయే కప్పు డొల్లగా పలుకుతుంది. చూసి, బాగుందని ఒకరు సంతకం పెడితేనే మిగతావాళ్లు దాని కిందికి వెళ్తారు. చిన్నప్పుడు నాకు నాయన ఎన్నోసార్లు చెప్పిన సంగతి అది. నా పనీ అదేనని నాకు ఒక్కనాడూ తోచలేదు.

"అవ్ నాయినా" అన్నాను.

"తట్టినోడు బాగున్నది అంటెనే నేను లోపటికి పోయేటోన్ని. వాని మొహం గూడ చూసేటోన్ని కాదు." నాయన దగ్గాడు. "నౌకరి పోతే ఇంటికి రా. ఇల్లున్నది. ముందుగాల ఆ కాగితం ఆపు."

ఐదో రోజు హాల్లో పరీక్ష, సర్టిఫికెట్లు, గ్రూపు ఫొటో ఉండాలి. సారు పొద్దున్నే వచ్చి అవన్నీ తీసేశారు. అందరి ముందూ నిలబడి, కంచె సంగతి నాకు చెప్పినట్టే చెప్పారు. ముందు వరస ఇంజనీరు లేచి, "మరి ఇప్పుడేం చేద్దాం సార్?" అన్నాడు.

"కొలుద్దాం" అన్నారు సారు.

మళ్లీ బస్సెక్కాం. ఈసారి ఊరివాళ్లను ముందే పిలిచాం. ముసలమ్మ, ఆమె తమ్ముడు, ఇంకో ఇద్దరు ముందు నడుస్తూ ఇదీ, ఇదీ అని చూపిస్తుంటే మేం ప్రతి రాయి చుట్టూ సున్నపు పొడి చల్లి, కొలిచి, ఫొటో తీసి, ఎవరిదో రాసుకున్నాం. సారు ప్రశ్న ఇలా అడగమన్నారు: "మీరు దేన్ని తొక్కరు? పిల్లలను దేని మీద కూసోనియ్యరు?" ఆ ప్రశ్నకు నాలుగేళ్ల కింద దొరకని జవాబులు గంటలో దొరికాయి. మధ్యాహ్నానికి తెల్లటి వలయాలు కంచె బయట ఎంత దూరం పాకాయంటే, నీలం బోర్డున్న గుట్ట ఆ మొత్తంలో చిన్న ముక్కలా కనబడింది. అటవీ శాఖ అమ్మాయి అది చూసి, "అయ్యో, మనం కాపలా కాస్తున్నది ఇంతేనా?" అంది.

ఆ కొలతలతో పాత కట్టడాల శాఖకూ, రోడ్ల శాఖకూ మేమొక ఉత్తరం రాశాం. కింద మొదటి సంతకం నాది, రెండోది సారుది. నా పాత రిపోర్టు తప్పని, ఎక్కడ ఎందుకు తప్పో, వివరంగా రాశాను. అది రాయడానికి పట్టిన సమయం పాత రిపోర్టు రాయడానికి పట్టలేదు.

ఉద్యోగం పోయింది. యజమాని పొమ్మనలేదు. నా కుర్చీ తీసి జిరాక్సు మిషను పక్కన వేయించాడు. రెండు నెలలు అక్కడ కూర్చుని, తర్వాత నేనే మానేశాను. వెడల్పు పని చాలా నెలలు ఆగింది. ఆఫీసర్లు వచ్చి చూశారు, మళ్లీ కొలిచారు, వాదించుకున్నారు. చివరికి ఆ గుట్ట పక్కన రోడ్డు పాత వెడల్పుతోనే ఉండిపోయింది. ఇప్పుడక్కడ 'ముందు ఇరుకు రోడ్డు' అని బోర్డు ఉంది. లారీ డ్రైవర్లు తిట్టుకుంటూ పోతారు. కంచె ఇంకా అక్కడే ఉంది. హద్దు మార్చే కాగితం ఏదో ఆఫీసులో తిరుగుతోందట. తారు కింద ఉన్నవి తారు కిందే ఉన్నాయి. వాటిని ఎవరూ బయటికి తీయలేరు.

ఇప్పుడు ఆ శిక్షణలో రెండు రోజులు నేను పాఠం చెబుతున్నాను. సారుకు మోకాళ్లు సహకరించక హాలు వరకే వస్తారు. అడవిలోకి నేనే తీసుకెళ్తాను.

పోయిన వేసవిలో ముసలమ్మ దగ్గరికి వెళ్లాను. తూము గోడలోంచి ఆ రాయిని తీసి మళ్లీ నిలబెట్టడానికి రోడ్ల శాఖ వాళ్లు ఒప్పుకున్నారని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అద్దు బిడ్డా. ఒక్కసారి లేపిండ్రు. మళ్ల లేపితే మళ్ల యాడ పడేస్తరో. పండుకోనియ్యి."

తర్వాత నన్ను కూర్చోబెట్టి, పోయిన రాళ్లు ఎవరెవరివో ఒక్కొక్కటే చెప్పింది. పెద్దన్నది, అత్తది, పక్కింటి ముసలోడిది, పాము కరిచి పోయిన పిల్లది. ఆమె చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకుంటూ పోయాను. పొద్దు వాలుతోంది. ఒక రాయి దగ్గర ఆమె ఆగిపోయింది. వేలితో నేల మీద గీతలు గీస్తూ చాలాసేపు ఆలోచించింది. ఇంట్లోవాళ్లను కేకేసి వాళ్ల భాషలో అడిగింది. వాళ్లకూ తెలియలేదు.

"ఎవలదో యాదికొస్తలేదు" అంది. మొదటిసారి ఆమె కళ్లలో నీళ్లు చూశాను. "రాయి లేకపాయె. చూస్తె యాదికొచ్చేది."

ఏం రాయమంటావని అడిగాను.

"ఒకలు ఉండె అని రాయి" అంది.

అలాగే రాశాను.